జేసీ రోడ్డులో దొరకనివాటికే డబ్బు పెట్టండి: బెంగళూరులో చిన్న కారు ఎంచుకోవడం ఎలా

ఏడెనిమిది లక్షల్లో చిన్న కారు చూద్దామని షోరూంలో అడుగు పెడితే, సేల్స్ కుర్రాడు మిమ్మల్ని నేరుగా డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి టచ్‌స్క్రీన్ ఆన్ చేస్తాడు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అయితే తెలుగులోనే చెప్తాడు కూడా. వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో, నోటితో చెబితే తెరుచుకునే సన్‌రూఫ్, రంగులు మారే లైట్లు అన్నీ చూపించేసరికి అరగంట గడిచిపోతుంది. ఆ అరగంటలో కారు బాడీ ఎంత గట్టిదన్న మాట రాదు. వెనక సీట్లో అమ్మానాన్న అనంతపురం దాకా ఎలా కూర్చుంటారన్న మాటా రాదు.

అందుకే షోరూంకి వెళ్లకముందే కంపెనీ వెబ్‌సైట్ నుంచి బ్రోచర్ దించుకుని, పెన్ను పట్టుకుని కూర్చోండి. అందులో రాసిన ఫీచర్లను మూడు కుప్పలు చేయాలి. చట్టం ప్రకారం ఎలాగూ ఇవ్వాల్సినవి ఒక కుప్ప. కొన్నాక బయట, బెంగళూరు జేసీ రోడ్డు లాంటి కార్ల సామాన్ల బజారులో, పెట్టించుకోగలిగినవి రెండోది. ఫ్యాక్టరీ నుంచి కారుతోపాటే రావాల్సినవి మూడోది. మీ బడ్జెట్ అంతా ఈ మూడో కుప్ప మీదే పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

చట్టం ఇప్పించేవి కొట్టేయండి

డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, వెనక పార్కింగ్ సెన్సర్లు, సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే అలారం, స్పీడు 80 దాటితే అప్పుడప్పుడూ 120 దాటితే ఆగకుండా మోగే హెచ్చరిక: ఇవన్నీ 2019 జులై నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కారులో ఉండి తీరాలి. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అదే ఏడాది ఏప్రిల్ నుంచి ఉంది. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ 2022 జనవరి నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి. బ్రోచర్లో వీటిని పెద్ద అక్షరాలతో వేసినా ధర పోల్చేటప్పుడు లెక్కలోకి తీసుకోవద్దు. పక్క షోరూంలో కారుకీ ఇవే ఉంటాయి.

ఆరు ఎయిర్‌బ్యాగుల సంగతి వేరు. వాటిని తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదన వచ్చింది గానీ చట్టం కాలేదు. అయినా కంపెనీలు తమంతట తామే ఇస్తున్నాయి. 2023 జులైలో వచ్చిన హ్యుందాయ్ ఎక్స్‌టర్‌లో బేస్ మోడల్ నుంచే ఆరు ఉన్నాయి. 2024 మేలో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లోనూ అంతే. 2025లో ఆల్టో కే10, వాగన్ ఆర్ కూడా ఆ బాట పట్టాయి. కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు ఆరుకి తక్కువ ఒప్పుకోవాల్సిన అవసరం లేదు.

జేసీ రోడ్డు కుప్ప

టౌన్ హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా జేసీ రోడ్డులో ఒకసారి నడిస్తే టాప్ ఎండ్ మోడల్‌కి లక్ష ఎక్కువ ఎందుకు అడుగుతున్నారో సగం అర్థమవుతుంది. సీటు కవర్లు, మ్యాట్లు, రివర్స్ కెమెరా, టచ్‌స్క్రీన్, స్పీకర్లు, వీల్ కప్పులు, ఫోన్ చార్జర్, డ్యాష్‌క్యామ్ అన్నీ అక్కడ వరసగా ఉంటాయి. షోరూం ధరకన్నా చాలా తక్కువకే పని అయిపోతుంది. నచ్చకపోతే ఇంకోటి మార్చుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. టచ్‌స్క్రీన్ బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. పాత ప్లేట్ ఊడదీశాక లోపలి నుంచి వైర్ల కట్ట, దాని చివర ప్లాస్టిక్ కనెక్టర్ బయటికి వస్తాయి. మంచి మెకానిక్ మీ కారు మోడల్‌కి సరిపోయే కప్లర్ తెచ్చి ఆ కనెక్టర్‌లోకి టక్కున నొక్కుతాడు, ఒక్క వైరు కూడా కోయడు. పని తెలియనివాడు కటింగ్ ప్లయర్ తీసి కనెక్టర్ కోసేసి, వైర్లు మెలిపెట్టి టేపు చుడతాడు. ప్లయర్ చేతిలోకి తీసుకున్నాడంటే అక్కడే ఆపించేయండి. వైరు కోశారంటే ఎలక్ట్రికల్ భాగాలకు వారంటీ వర్తించదని సర్వీస్ సెంటర్ వాళ్లు అంటారు, ఆపైన వేడెక్కి కాలే ప్రమాదమూ ఉంది. ‘కప్లర్ టు కప్లర్’ అని అడిగితే జేసీ రోడ్డులో అందరికీ అర్థమవుతుంది.

అలాయ్ చక్రాలు అందంగానే ఉంటాయి. కానీ మన ఔటర్ రింగ్ రోడ్డు గుంటల్లో స్టీలు రిమ్ము వంగితే కొట్టి సరిచేస్తారు, అలాయ్ పగిలితే మార్చాల్సిందే. నేనైతే స్టీలే చాలంటాను.

కారుతోనే రావాల్సినవి

ఇప్పుడు అసలు కుప్ప. బాడీ గట్టితనం, ఎయిర్‌బ్యాగులు, కారు జారకుండా పట్టి ఉంచే ఈఎస్‌సీ, వాలులో వెనక్కి పోకుండా ఆపే హిల్ హోల్డ్, ఇంజన్, గేర్‌బాక్స్, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు, వెనక అద్దానికి వైపర్, దాని మీద ఆవిరి పోగొట్టే డీఫాగర్, వెనక ఏసీ వెంట్లు, ఎత్తు పెంచుకునే డ్రైవర్ సీటు, పైకి లేచే వెనక హెడ్‌రెస్టులు. ఇవి ఏ జేసీ రోడ్డులోనూ దొరకవు. వేరియంట్ ఎంచుకునేటప్పుడు కింది నుంచి పైకి వెళ్తూ, ఇవన్నీ ఏ వేరియంట్లో పూర్తవుతాయో అక్కడ ఆగిపోండి. చాలా కార్లలో అది మధ్య వేరియంటే అవుతుంది. సన్‌రూఫ్ కూడా బయట పెట్టించుకోలేనిదే, నిజమే. అయినా మే నెలలో రాయలసీమ ఎండలో నెత్తి మీద అద్దం ఎందుకు? వెనక ఏసీ వెంట్లున్న వేరియంట్ తీసుకోండి, ఇంట్లోవాళ్లు దీవిస్తారు.

బాడీ గట్టితనం తెలుసుకోవడానికి మనకున్న ఆధారం క్రాష్ టెస్ట్. కార్లను గుద్దించి చూసి 5 స్టార్ల దాకా ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్ నుంచి మన దేశానికే ఉంది. పరీక్ష పెట్టించుకున్న మోడల్ స్టార్లు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటాయి. అంతకుముందు నుంచే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే విదేశీ సంస్థ మన కార్లను ఇలా పరీక్షిస్తూ వచ్చింది. స్టార్లు చదివేటప్పుడు ఎయిర్‌బ్యాగుల సంఖ్యతో కలిపేయకండి. టాటా పంచ్ 2021లో రెండే ఎయిర్‌బ్యాగులతో పెద్దల రక్షణలో 5 స్టార్లు తెచ్చుకుంది. 2023లో రెండు ఎయిర్‌బ్యాగులతోనే పరీక్షకు వెళ్లిన వాగన్ ఆర్‌కి ఒక్క స్టారే వచ్చింది, బాడీ నిలకడగా లేదని రిపోర్టులో రాశారు. మధ్యలో 2022లో పరీక్ష నిబంధనలు కఠినమయ్యాయి కాబట్టి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి అంకెలు తూచడం సరికాదు. బాడీ గురించి రాసిన మాట మాత్రం తప్పక చదవండి. ఎయిర్‌బ్యాగులు తర్వాత పెంచినంత మాత్రాన రేకు గట్టిపడదు.

ఇంకో విషయం. స్టార్లు ఏ మోడల్‌కి వస్తే ఆ మోడల్‌వే. 2024 నవంబర్లో వచ్చిన కొత్త డిజైర్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు వచ్చాయి, మారుతీ కారు 5 స్టార్లు అందుకోవడం అదే మొదలు. ‘స్విఫ్టూ డిజైరూ ఒకటే సార్’ అని షోరూంలో అంటే ఒప్పుకోకండి. స్విఫ్ట్‌కి వచ్చిన రిపోర్టు చూపించమనండి.

‘కొత్త మోడల్’ అంటే ఎంత కొత్త?

అప్‌డేట్ వచ్చిందనగానే మనవాళ్లు పాత స్టాకు వద్దంటారు. ఒక్కోసారి పాతదే లాభం కూడా. అందుకే ఏం మారిందో చూడాలి. బంపరు, గ్రిల్లు, లైట్లు, తెర మాత్రమే మారితే అది ఫేస్‌లిఫ్ట్. కింద బాడీ, ఇంజన్ పాతవే. తరం మారితే మాత్రం కారే మారినట్టు.

దీనికి స్విఫ్ట్ మంచి ఉదాహరణ. 2024లో నాలుగు సిలిండర్ల ఇంజన్ తీసేసి మూడు సిలిండర్ల జెడ్ సిరీస్ ఇంజన్ పెట్టారు. కంపెనీ చెప్పే మైలేజీ మాన్యువల్ గేర్లో లీటరుకు 22.38 నుంచి 24.80 కిలోమీటర్లకు పెరిగింది. పవరు సుమారు 90 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) నుంచి 82కి తగ్గింది. సిటీలోనే తిరిగేవాళ్లకు ఇది లాభమే. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామానుతో చిత్తూరు వైపు నుంచి తిరిగొస్తూ మొగిలి ఘాట్ ఎక్కాల్సినవాళ్లు మాత్రం నడిపి చూసుకోవాలి. అప్‌డేట్‌లో తగ్గినవి పోస్టర్ మీద వేయరు. పాత బ్రోచర్, కొత్త బ్రోచర్ పక్కపక్కన పెట్టి సాంకేతిక వివరాల పేజీ ఒక్కటి వరసగా చదివితే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఇంజన్ పవరు, టైరు సైజు, స్టెప్నీ ఉందా లేక పంక్చర్ కిట్ ఇచ్చి సరిపెట్టారా, ఈ మూడూ తప్పకుండా చూడండి.

తెరకి వచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల గురించీ అడగండి. మ్యాపులు, ఫోన్ నుంచి ఏసీ ఆన్ చేయడం లాంటివి ఎన్నేళ్లు ఉచితం, తర్వాత ఏడాదికి ఎంత కట్టాలి అన్నది కాగితం మీద ఉండాలి.

పాత వీడియోల్లో చెప్పే ధరలు కూడా ఇప్పుడు పనికిరావు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతం. పొడవు 4 మీటర్లకు, ఇంజన్ పెట్రోల్ అయితే 1200 సీసీకి, డీజిల్ అయితే 1500 సీసీకి మించకూడదు. అంతకుముందు పెట్రోల్ చిన్న కారుకి 28 శాతం పన్ను, దానికి తోడు 1 శాతం సెస్సు ఉండేవి. అంటే పన్నుతో కలిపి 129 రూపాయలయ్యేది ఇప్పుడు 118 అవుతుంది, ధరలో ఎనిమిదిన్నర శాతం తేడా.

ఆన్‌రోడ్ ధర మీరే కట్టుకోండి

కర్ణాటకలో లైఫ్‌టైమ్ రోడ్ ట్యాక్స్ ఎక్కువ. 5 లక్షల లోపు కారుకి 13 శాతం, 5 నుంచి 10 లక్షలకు 14, 10 నుంచి 20 లక్షలకు 17. ఆ ట్యాక్స్ మీద మళ్లీ 11 శాతం సెస్సు. 7 లక్షల కారైతే ట్యాక్స్ 98,000, సెస్సు 10,780, కలిపి లక్షా ఎనిమిది వేల పైచిలుకు. 10 లక్షల గీత దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 9.9 లక్షల వేరియంట్ వదిలి 10.1 లక్షలది తీసుకుంటే కారు ధరలో తేడా ఇరవై వేలే, ట్యాక్స్, సెస్సుల్లో తేడా ముప్ఫై ఆరు వేలు దాటుతుంది. పైగా 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (డీలర్ ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కడతారు. అది తర్వాత ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది గానీ చేతి డబ్బు ముందే పోతుంది.

హోసూరులో కొందాం, ఊళ్లో రిజిస్ట్రేషన్ చేయిద్దాం అనే సలహాలు మన తెలుగువాళ్ల మధ్య ఎప్పుడూ తిరుగుతుంటాయి. వేరే రాష్ట్రం నంబరుతో ఇక్కడ 12 నెలలకు మించి కారు ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, ఇక్కడి ట్యాక్స్ కట్టాలి. అక్కడ కట్టింది తిరిగి రాబట్టుకోవడానికి మీ ఊరి ఆర్టీఓ చుట్టూ తిరగడం వేరే పని. బెంగళూరులో నాలుగైదేళ్లు ఉండేవాళ్లైతే కేఏ నంబరే తీసుకోండి. నాలుగు అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీలో పనిచేస్తూ తరచూ బదిలీ అయ్యేవాళ్లు, రాష్ట్రం మారినా మళ్లీ రిజిస్ట్రేషన్ అక్కర్లేని బీహెచ్ సిరీస్ నంబరు గురించి బుకింగ్ అప్పుడే డీలర్‌తో మాట్లాడుకోండి. అందులో ట్యాక్స్ రెండేళ్లకొకసారి కట్టుకుంటూ పోవచ్చు.

కొటేషన్‌లో ‘హ్యాండ్లింగ్ చార్జీలు’, ‘ఎసెన్షియల్ కిట్’ అని వేస్తే తీసేయమనండి. అడిగితే చాలాచోట్ల తీసేస్తారు. వాళ్లు ఇచ్చే మ్యాట్లూ మడ్ ఫ్లాపులూ ఎక్కడ దొరుకుతాయో మీకు ఇప్పటికే తెలుసు.

వెనక సీటు, తర్వాత మీ అపార్ట్‌మెంట్ ర్యాంపు

షోరూంకి ఒంటరిగా వెళ్లకండి. ఇంట్లో అందరికన్నా పొడుగాయన సీటు తనకు సరిపోయేలా జరుపుకున్నాక ఆయన వెనక మీరు కూర్చోండి. మోకాలు తగులుతుందా, తొడ కింద కుషన్ ఎంత దూరం వస్తుంది, తల వెనక హెడ్‌రెస్టు మెడ దగ్గరే ఆగిపోతోందా చూడండి. పది నిమిషాలు కూర్చోండి. చీర కట్టుకున్న అమ్మ తలుపు తెరిచి ఎక్కి దిగితే సీటు ఎత్తు సంగతి వెంటనే తెలుస్తుంది. పంచ్, ఎక్స్‌టర్ లాంటి ఎత్తు కార్లు పెద్దవాళ్లున్న ఇంట్లో ఎందుకు నచ్చుతాయో అక్కడే అర్థమవుతుంది. డిక్కీ లీటర్లు కాగితం మీద చూసినా (స్విఫ్ట్ 265, పంచ్ 366, ఎక్స్‌టర్ 391) మీ పెద్ద సూట్‌కేసు తీసుకెళ్లి పెట్టి చూడండి. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు బియ్యం మూట, ఆవకాయ జాడీ కూడా అందులోనే రావాలి.

టెస్ట్ డ్రైవ్ షోరూం చుట్టూ ఒక రౌండుతో తేలేది కాదు. కారును మీ అపార్ట్‌మెంట్‌కి తెప్పించుకోండి. అడిగితే ఇంటికి తెస్తారు. బేస్‌మెంట్ ర్యాంపు మీద సగంలో ఆపి, బ్రేకు వదిలి, మళ్లీ ఎక్కించండి. వెనక్కి జారుతోందా? ర్యాంపు చివర మలుపులో ఒక్క తిప్పుతో తిరుగుతోందా? మీ పార్కింగ్ స్లాటులో పెట్టాక తలుపు తెరిచి దిగగలుగుతున్నారా? గేటు ముందు హంపు మీద నలుగురితో వెళ్తే అడుగు గీసుకుంటోందా? స్విఫ్ట్ నేలకు 163 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే పంచ్ 187, నిస్సాన్ మాగ్నైట్ 205. బెంగళూరు హంపుల మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. ఆ తర్వాత ఫ్లైఓవర్ ఎక్కించి ఏసీ వేసి మూడో గేర్లో లాగి చూడండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ మీద, సీటు కింద వణుకు ఎంత వస్తోందో గమనించండి. మూడు సిలిండర్ల ఇంజన్లలో కొంత ఉంటుంది. కొందరికి పట్టదు, కొందరికి రోజూ చిరాకు.

గేర్ బాక్స్, ఇంధనం

సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఎడమ కాలు నొప్పి తెలిసినవాళ్లు ఆటోమేటిక్ కావాలంటారు, న్యాయమే. చిన్న కార్లలో ఎక్కువగా దొరికేది ఏఎంటీ. లోపల మామూలు క్లచ్, మామూలు గేర్లే ఉంటాయి, వాటిని మనిషి బదులు మోటారు కదుపుతుంది. అందుకే గేరు మారేటప్పుడు చిన్న ఊపు వస్తుంది. ఫ్లైఓవర్ వాలులో జామ్ అయితే యాక్సిలరేటర్‌తో కారు నిలబెట్టకండి, క్లచ్ కాలిపోతుంది. బ్రేకు మీదే ఉంచాలి. సాఫీగా పోవాలనుకుంటే సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) ఉన్న మోడల్ చూడండి, ధర ఎక్కువే.

రోజూ దూరం తిరిగేవాళ్లకే సీఎన్‌జీ గిట్టుబాటవుతుంది. ఎక్కువ మోడళ్లలో సిలిండర్ డిక్కీని తినేస్తుంది. టాటా, హ్యుందాయ్ రెండు చిన్న సిలిండర్లు కింద పడుకోబెట్టి కొంత చోటు మిగిల్చాయి. మూడేళ్లకొకసారి సిలిండర్‌కి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) చేయించాలి. మీ ఆఫీసు దారిలో బంకు ఉందా, పొద్దున క్యూ ఎంత ఉంటుందో ఒకరోజు చూసి రండి.

కంపెనీ మైలేజీ ల్యాబ్‌లో రోలర్ల మీద తీసినది. వేర్వేరు కార్లను పోల్చడానికి పనికొస్తుంది, మీ నెల ఖర్చు లెక్క వేయడానికి పనికిరాదు.

ఇన్సూరెన్స్

డీలర్ దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) తప్పనిసరి, సొంత డ్యామేజీ భాగం ఏడాదికి తీసుకోవచ్చు. బయట రేటు తెచ్చి చూపిస్తే డీలర్ కూడా తగ్గిస్తాడు. జీరో డిప్రిసియేషన్ తీసుకోండి. అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలకు క్లెయిమ్‌లో సగమే ఇస్తారు. బెంగళూరులో, నీళ్లు పోయి ఇంజన్ పాడైతే డబ్బిచ్చే ఇంజన్ ప్రొటెక్ట్ కూడా వదలకండి. 2023 మేలో కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో కారు నీళ్లలో చిక్కుకుని మన ఆంధ్ర అమ్మాయి ప్రాణం పోయింది. నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోకి ఎట్టి పరిస్థితుల్లో దిగకండి. రోడ్డు మీద వరదలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, మామూలు పాలసీలో ఆ నష్టానికి డబ్బు రాదు.

డెలివరీకి ముందు

మిగతా డబ్బు కట్టకముందే, రిజిస్ట్రేషన్‌కి పంపకముందే యార్డుకి వెళ్లి మీ కారును పగటి వెలుతురులో చూడండి. చాసిస్ నంబరు ఇన్వాయిస్‌తో సరిపోవాలి. టైరు పక్కన చివర నాలుగు అంకెలు చూడండి. 3225 అని ఉంటే 2025లో 32వ వారం అని అర్థం. అయిదు టైర్లలో ఒకటి మరీ పాతదైతే అడగండి. తలుపుల అంచుల్లో రంగు తేడా, అద్దాల మీద గీతలు, ఓడోమీటర్, స్టెప్నీ, జాకీ, రెండు తాళాలు. కారు తయారైన నెల ఆర్సీ మీద పడుతుంది, రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్లు చూసేది అదే. జనవరిలో డెలివరీ తీసుకుంటూ డిసెంబర్ తయారీ ఇస్తామంటే దానికి తగ్గ డిస్కౌంట్ అడగండి.

హెచ్చెస్సార్పీ (హై సెక్యూరిటీ) నంబరు ప్లేట్లు బిగించాకే కారు బయటికి తీయండి. డీలర్ ఇచ్చే ఫాస్టాగ్ చాలాసార్లు చాసిస్ నంబరు మీదే ఉంటుంది. కేఏ నంబరు రాగానే ఆ బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆర్సీ అప్‌లోడ్ చేసి నంబరు మార్పించండి. నెలనెలా బాగేపల్లి మీదుగా ఊరెళ్లేవాళ్లకు, 2025 ఆగస్టులో 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ పనికొస్తుంది. జాతీయ రహదారుల మీద ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అదే. ఫాస్టాగ్ చాసిస్ నంబరు మీదే ఉంటే మాత్రం ఆ పాస్ ఇవ్వరు.